చర్చి కోసం కోత పండుగ వేలం: ఎలా జరపాలి, పాడిన డబ్బు ఎలా చేతికి రావాలి

పంట ఇళ్ళకు చేరే కాలం దగ్గర పడుతుంటే ఈ ప్రశ్న చాలా ఊళ్ళ నుంచి వస్తుంది: "మా చర్చి పైకప్పు కారుతోంది, కోత పండుగ పెట్టి డబ్బు పోగు చేయాలనుకుంటున్నాం, ఎలా చేయాలి?" పండుగ అయిపోయాక కూడా ఒక ప్రశ్న వస్తుంది: "వేలంలో బాగానే పాడారు, కానీ సగం డబ్బు ఇంకా రాలేదు. ఎలా అడగాలి?"

కోత పండుగలో సంఘస్తులు తెచ్చిన పంట, వస్తువులు వేలం వేసి, ఆ డబ్బు చర్చి పనికి వాడతారు. రెండో ప్రశ్న రాకుండా చేసుకోవడమే అసలు పని. పాట పాడించడం మన పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. పాడిన డబ్బు అదే రోజు రాబట్టడం, దాన్ని సరిగ్గా లెక్కించి సంఘం ముందు పెట్టడం దగ్గరే చాలా చోట్ల తడబడుతున్నారు. అందుకే ఆ భాగం గురించి ఎక్కువ రాశాను. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో యాభై నుంచి నూట యాభై కుటుంబాలున్న సంఘాన్ని మనసులో పెట్టుకుని చెబుతున్నాను. మీది ఇంకా చిన్న సంఘమైతే మనుషుల్ని తగ్గించుకోండి, పుస్తకాల్ని మాత్రం తగ్గించకండి.

కావలసినవి

మనుషులు: పాట నడిపేవారు ఒకరు, చీటీ రాసేవారు ఒకరు, డబ్బు బల్ల దగ్గర ఇద్దరు, వస్తువులు అప్పగించేవారు ఇద్దరు, వంట చూసుకునే బృందం. డబ్బు బల్ల దగ్గర కూర్చునే ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. అనుమానంతో చెబుతున్న మాట కాదు ఇది. రేపు ఎవరైనా ఏమైనా అంటే వాళ్ళకే రక్షణ.

పుస్తకాలు: వచ్చిన కానుకల రిజిస్టర్, వరుస నంబర్లున్న చీటీల కట్ట, కార్బన్ పెట్టి రాసే రసీదు పుస్తకం, బాకీల పుస్తకం, ఖర్చుల పుస్తకం. ఐదూ వేర్వేరుగా ఉండాలి. ఒకే నోటుబుక్కులో ముందు నుంచి వసూళ్ళు, వెనక నుంచి ఖర్చులు రాస్తే సాయంత్రానికి ఎవరికీ అర్థం కాదు.

వస్తువులు: కాటా, మైక్ సెట్, షామియానా, కోళ్ళకు గంపలు, బస్తాల కింద పరచడానికి పట్టా, నంబర్లు అంటించడానికి కాగితాలు, "చెల్లింది" అని ఒక రబ్బరు స్టాంపు, తాళం ఉన్న డబ్బు పెట్టె, చిల్లర. చర్చి పేరు మీదున్న ఖాతాకు యూపీఐ క్యూఆర్ కోడ్ కూడా ఉండాలి. పాస్టర్ గారి సొంత ఖాతా, ట్రెజరర్ గారి సొంత ఫోన్‌పే పెట్టకండి. ఎంత నమ్మకస్తులైనా సరే, సంఘం డబ్బు సొంత డబ్బులో కలిసిన తర్వాత విడదీసి చూపడం కష్టం.

ఎలా చేయాలి

1. ఒకే ఒక్క పనికి అని చెప్పండి

"చర్చి అభివృద్ధికి" అంటే ఎవరి చెయ్యీ జేబులోకి పోదు. "పైకప్పు రేకులు మార్చడానికి" అనండి, "ప్రహరీ గోడకు" అనండి. మేస్త్రీని పిలిచి కొలతలు తీయించి, అంచనా కాగితం మీద రాయించి, చర్చి గుమ్మం దగ్గర అంటించండి. మొత్తం ఖర్చు వేలంతోనే రావాలని పట్టుపట్టకండి. ఎంత ఇప్పటికే ఉంది, ఎంత ఇంకా కావాలి, వేలం నుంచి ఎంత ఆశిస్తున్నాం అని మూడు అంకెలు రాస్తే చాలు.

2. అనుమతులు ముందే తీసుకోండి

పాస్టరేట్ కమిటీలో (సంఘం పనులు చూసే కమిటీలో) తీర్మానం రాయించి సంతకాలు తీసుకోండి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే ఆస్తులు సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి కాబట్టి కట్టడం పని మొదలుపెట్టే ముందు డయాసిస్‌కు (బిషప్ గారి కార్యాలయానికి) తెలియజేయాలి. కథోలిక సంఘమైతే విచారణ గురువును (ఆ చర్చి ఫాదర్‌ను) అడగాలి. స్వతంత్ర సంఘమైతే మీ సొసైటీ లేదా ట్రస్ట్ నియమావళి చూసుకోండి. డబ్బు పోగయ్యాక "అనుమతి లేదు, ఆపండి" అంటే ఇచ్చినవాళ్ళ మనసు విరుగుతుంది.

మైక్ పెట్టడానికి పోలీస్ స్టేషన్‌లో అనుమతి కాగితం తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పాట పగలే ముగించేలా చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే తేదీ మార్చుకోవడం మేలు. ప్రార్థనా స్థలాన్ని ప్రచారానికి వాడకూడదన్నది కోడ్‌లోనే ఉంది. అభ్యర్థి వచ్చి గుమ్మడికాయకు వేలకు వేలు పాడితే ఆ రోజు సంతోషంగానే ఉంటుంది, తర్వాత మాటలు పడేది సంఘమే.

3. తేదీ

వరి ఊళ్ళలో ఖరీఫ్ పంట చేతికొచ్చాక, క్రిస్మస్ ఖర్చులు మీద పడకముందు ఒక ఆదివారం, లేదా సంక్రాంతి దాటాక ఒక ఆదివారం బాగుంటుంది. పత్తి, మిర్చి పండే ఊళ్ళలో డబ్బు చేతికొచ్చే సమయం వేరు, మీ రైతులనే అడగండి. పక్క ఊరి సంఘం అదే రోజు పెట్టుకోలేదని తెలుసుకోండి. బంధువులు అటూ ఇటూ పంచుకుపోతే రెండు చోట్లా పాట పలచబడుతుంది.

4. కానుకలు పోగు చేయండి

నెల రోజుల ముందు ఆరాధనలో ప్రకటించండి. వారం ముందు స్త్రీల మైత్రి (చర్చిలోని మహిళా సంఘం), యువకులు కలిసి ఇంటింటికీ వెళ్ళి ఎవరు ఏమి తెస్తారో అడిగి రాసుకోవాలి. వడ్లు, కందులు, వేరుశనగ, కొబ్బరికాయలు, అరటి గెల, కోడిపుంజు, గుడ్లు, పచ్చళ్ళ సీసాలు, కుట్టిన బొంతలు, అల్లిన బుట్టలు, అన్నీ పనికొస్తాయి. పొలం లేని కూలీ కుటుంబాలు వెనక్కి తగ్గకుండా ముందే చెప్పండి: ఒక కొబ్బరికాయ అయినా, ఒక రోజు పనికి వస్తామన్న మాట అయినా కానుకే. వంట దగ్గర, షామియానా కట్టే దగ్గర పనిచేసినవాళ్ళ పేర్లు కూడా అదే రిజిస్టర్‌లో రాయండి.

ఎవరు ఎంత తెచ్చారో మైకులో చదవడం నాకు అసలు నచ్చదు. బస్తా తెచ్చినాయన పేరు వెనకే శేరు తెచ్చినామె పేరు చదివితే ఆమె వచ్చే ఏడు రాదు. వస్తువు పేరు, నంబరు చదవండి, చాలు. ఇచ్చినవారి పేరు రిజిస్టర్‌లో ఉంటుంది.

వడ్ల విషయంలో జాగ్రత్త. సాంబ మసూరి లాంటి సన్న రకాన్ని దొడ్డు వడ్లలో కలిపేస్తే వ్యాపారి మొత్తానికీ దొడ్డు వడ్ల ధరే కడతాడు. రకానికో కుప్ప పెట్టండి. తేమ చూడండి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో 17 శాతం వరకే ఒప్పుకుంటారు, ప్రైవేటు వ్యాపారి కూడా తేమ పేరు చెప్పే ధర కోస్తాడు. తడిగా వచ్చినవి రెండు రోజులు ఎండబెట్టాకే బస్తాకెత్తండి. ఇంటింటి వడ్లు ముందే ఆదివారాల్లో తెప్పించుకుంటే దీనికి టైం దొరుకుతుంది.

5. నంబర్లు వేసి వరుస పెట్టుకోండి

పండుగ రోజు తెల్లవారే ప్రతి వస్తువుకూ నంబరు అంటించి, రిజిస్టర్‌లో నంబరు, వస్తువు, బరువు లేదా లెక్క, బజారు ధర సుమారుగా రాయండి. చిన్న చిన్నవి విడివిడిగా పెడితే పొద్దుపోతుంది. నాలుగు సొరకాయలు, రెండు కట్టల తోటకూర, కిలో వంకాయలు ఒక గంపలో పెట్టి ఒకే నంబరు ఇవ్వండి.

వరుస ఇలా పెట్టుకుంటే సాఫీగా నడుస్తుంది. మొదట నాలుగైదు చిన్న వస్తువులతో జనానికి అలవాటు చేయండి. తర్వాత కోళ్ళు, పాలు, ఆకుకూరలు, అంటే ఎండకు ఆగనివి. భోజనానికి ముందు, జనం నిండుగా ఉన్నప్పుడు అందరి కళ్ళూ పడే వస్తువులు: పెద్ద గుమ్మడికాయ, అరటి గెల, మేకపోతు, బొంత. వడ్లు, కందుల బస్తాలు చివర. బస్తాలకు ఇద్దరు ముగ్గురు వ్యాపారులను ముందే పిలవండి. ఒక్కరినే పిలిస్తే అది వేలం కాదు, ఆయన చెప్పిన ధరకు అమ్మడం.

6. పాట నడపడం

మొదలుపెట్టే ముందు నియమాలు మైకులో రెండుసార్లు చెప్పండి: చెయ్యెత్తి గట్టిగా అన్నదే పాట, మూడోసారి అన్నాక ఎవరు పెంచినా చెల్లదు, డబ్బు కట్టాకే వస్తువు, పిల్లలు పాడకూడదు.

బజారు ధరలో సగం దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువ నుంచి మొదలుపెడితే నోళ్ళు మూతపడతాయి. పెంచడానికి కూడా ఒక లెక్క పెట్టండి. 200 లోపు పదేసి, 1,000 లోపు యాభయ్యేసి, ఆ పైన వందేసి రూపాయలు. ఇది చెప్పకపోతే ఒకరు 500, ఇంకొకరు 501 అంటూ కాలక్షేపం అవుతుంది.

పాట నడిపేవాళ్ళకు గొంతు కన్నా నిదానం ముఖ్యం. ఇద్దరు పంతం పట్టి పాడుతున్నారని తెలిస్తే, ముఖ్యంగా వాళ్ళ మధ్య పొలం గట్టు తగాదాలాంటిది ఉందని తెలిస్తే, ఎగదోయకండి. ధర బజారు ధరకు నాలుగైదు రెట్లు దాటినప్పుడు ఒక నిమిషం ఆగి, "ఇది దేవుని కానుక, ఇష్టమైతేనే" అని చెప్పి చల్లబరచండి. ఆ ఊపులో పాడిన డబ్బే మర్నాడు రాదు.

తిరిగి ఇచ్చే వస్తువులు: మన ఊళ్ళలో కోడిగుడ్డు పాడుకున్నాయన దాన్నే మళ్ళీ వేలానికి ఇచ్చేస్తాడు. ఇంకొకరు పాడతారు, ఆయనా తిరిగి ఇస్తాడు. మంచిదే, ఒక్క గుడ్డు మీద నాలుగు పాటల డబ్బు వస్తుంది. కానీ లెక్క తప్పేది కూడా ఇక్కడే. 14వ నంబరు గుడ్డు రెండోసారి వచ్చినప్పుడు 14-అ అని, మూడోసారి 14-ఆ అని వేరే చీటీ రాయండి. పాత చీటీ మీద కొట్టేసి కొత్త పేరు రాస్తే మొదటి ఆయన డబ్బు మాయమైనట్టే.

7. చీటీ, డబ్బు, వస్తువు: ఈ వరుస తప్పకండి

మూడోసారి అనగానే చీటీ రాసేవారు నంబరు, వస్తువు, ధర, పాడినవారి పేరు కార్బన్ పెట్టి రెండు ప్రతులు రాస్తారు. ఒక ప్రతి పాడినవారి చేతికి, ఒకటి కట్టలోనే. పాడినవారు చీటీతో డబ్బు బల్ల దగ్గరికి వెళ్ళి కడతారు, రసీదు తీసుకుంటారు, చీటీ మీద "చెల్లింది" స్టాంపు పడుతుంది. ఆ స్టాంపు చూశాకే వస్తువు అప్పగిస్తారు.

యూపీఐలో కడితే ఎదుటివారి ఫోన్‌లో కనపడే బొమ్మ చూసి సరే అనకండి. మీ ఖాతాలో పడిందని మీ ఫోన్‌లో గానీ సౌండ్ బాక్స్‌లో గానీ తెలిశాకే స్టాంపు వేయండి. సిగ్నల్ అందని ఊరైతే అదే విషయం ముందు ఆదివారమే చెప్పి నగదు తెచ్చుకోమనండి.

రైతు దగ్గర ఆ రోజు నగదు ఉండకపోవచ్చు. కొనుగోలు కేంద్రంలో ఇచ్చిన వడ్ల డబ్బు ఖాతాలో పడటానికి రోజులు పడుతుంది. అలాంటివారికి బాకీ ఇవ్వడం తప్పు కాదు. బాకీల పుస్తకంలో పేరు, మొత్తం, ఏ తేదీకి కడతారు అని వాళ్ళ చేతే సంతకం పెట్టించి, ఒక సంఘ పెద్ద సంతకం కూడా తీసుకోండి. తేదీ లేని బాకీ రాయకండి. పాత బాకీ ఉన్నవాళ్ళతో వేలానికి ముందే ఒక పెద్దమనిషి ఏకాంతంగా మాట్లాడాలి, మైకులో కాదు.

8. భోజనం, స్టాళ్ళు

ప్రేమ విందు, అంటే అందరూ కలిసి తినే సంఘ భోజనం, ఉచితంగా పెట్టండి. దానికి కూపన్లు అమ్మితే పిల్లలెక్కువున్న ఇల్లు భోజనానికి ఆగకుండా వెళ్ళిపోతుంది. మామూలు భోజనానికి వంద మందికి 12 నుంచి 15 కిలోల బియ్యం పడుతుంది. కోడికూరతో పాటు పప్పు, ఒక కూరగాయ కూర ఉంటే ఊళ్ళోని ఇతరులు కూడా మొహమాటం లేకుండా కూర్చుంటారు. డబ్బు కోసం అయితే పక్కన స్త్రీల మైత్రి బజ్జీలు, టీ, పిండివంటల స్టాల్ పెట్టవచ్చు, యువకులు పిల్లలకు ఆటలు పెట్టవచ్చు. స్టాల్ సరుకుల ఖర్చు ముందే రాసుకుని, మిగిలింది మాత్రమే ఆదాయంగా చూపండి.

లక్కీ డ్రా జోలికి వెళ్ళకండి. టికెట్లు అమ్మి డ్రా తీసి బహుమతి ఇవ్వడం ప్రైవేటు లాటరీ కిందికి వస్తుంది, అది నేరం. డబ్బు పెట్టి ఆడే తంబోలా కూడా వద్దు.

9. లెక్కింపు

పాట అయిపోగానే, జనం ఇంకా ఉండగానే ముగ్గురు కూర్చుని లెక్కించండి. నోట్ల విలువల వారీగా రాసి, రెండోసారి వేరొకరు లెక్కించి, ముగ్గురూ సంతకాలు పెట్టాలి. వచ్చిన నగదులోంచే షామియానా వాళ్ళకు, మైక్ వాళ్ళకు ఇచ్చేయకండి. చేసినా తప్పు కాదనిపిస్తుంది, కానీ ఎంత వచ్చిందన్న అంకె ఇక ఎప్పటికీ తేలదు. ఖర్చులకు ముందే కమిటీ దగ్గర కొంత అడ్వాన్సు తీసుకోండి. నగదు మొత్తం మర్నాడే, సెలవైతే ఆ పై రోజు, బ్యాంకులో వేసి ఆ స్లిప్పు ఫైల్లో పెట్టండి.

10. సంఘం ముందు లెక్క పెట్టండి

వచ్చే ఆదివారమే ఒక పెద్ద కాగితం మీద రాసి అంటించండి. బాకీదారుల పేర్లు అందులో వద్దు, మొత్తం చాలు.

సరిచూసుకోవడం ఎలా

ఒకే ఒక్క లెక్క కుదరాలి. చీటీల మొత్తం = నగదు + యూపీఐ + బాకీ. ఉదాహరణకు చీటీల మొత్తం 86,400 రూపాయలు అనుకుందాం. నగదు 41,250, యూపీఐ 28,650, బాకీ 16,500. మూడూ కలిపితే 86,400, సరిపోయింది. ఖర్చులు 14,800 అయితే ఆ రోజు చర్చికి నిజంగా మిగిలింది 55,100. మైకులో చెప్పాల్సిన అంకె ఇదే. "86,400 వచ్చింది" అని ప్రకటిస్తే, పైకప్పు పని ఎందుకు మొదలుకాలేదని రెండు నెలల తర్వాత అడుగుతారు.

కుదరకపోతే ముందు తిరిగి ఇచ్చిన వస్తువుల చీటీలు చూడండి. తర్వాత చీటీల వరుస నంబర్లలో ఏదైనా లేదేమో చూడండి. పాడయిపోయిన చీటీని చింపి పారేయకుండా "రద్దు" అని రాసి కట్టలోనే ఉంచాలి. ఆ తర్వాత యూపీఐ వసూళ్ళను ఫోన్ సందేశాలతో కాకుండా బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చండి. తేడా చివరికీ తేలకపోతే జేబులోంచి వేసి సరిచేయకండి. తేడా ఇంత అని లెక్కలోనే రాయండి.

బాకీ చీటీల మొత్తంలో పదో వంతు దాటితే పాట జోరుగా నడిచింది గానీ వసూలు పద్ధతి సరిగ్గా లేదని అర్థం. పై ఉదాహరణలో దాదాపు ఐదో వంతు ఉంది, అది ఎక్కువే.

తరచూ జరిగే పొరపాట్లు

విదేశాల్లో ఉన్న బంధువుల చేత పాడించడం ఇప్పుడు బాగా పెరిగింది. వీడియో కాల్‌లో పాడి డబ్బు పంపిస్తారు. భారత పాస్‌పోర్టు ఉండి అక్కడ పనిచేస్తున్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా అది తీసుకోకూడదు. ఆ డబ్బు వేసే ఖాతా కూడా వేరు, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరవాలి. అందుకే ఎవరు పాడుతున్నారో, వాళ్ళ పౌరసత్వం ఏమిటో తెలిశాకే పాట ఒప్పుకోండి.

ఒకే మనిషి దగ్గర ఒక్క రోజులో 2 లక్షల రూపాయలు గానీ అంతకంటే ఎక్కువ గానీ నగదుగా తీసుకోకండి. చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ అడగండి. "ఆదాయపన్ను మినహాయింపు వస్తుంది" అని మాటివ్వకండి. మీ సంస్థకు ఆ గుర్తింపు ఉందని కాగితం చూశాకే చెప్పాలి. ఉన్నా 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదు.

క్రైస్తవేతర ఇరుగుపొరుగు వేలానికి వస్తే సంతోషంగా ఆహ్వానించండి. చందా పుస్తకం పట్టుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం వేరు సంగతి, అది చేయకండి.

కోళ్ళను కాళ్ళు కట్టి ఎండలో పడేస్తుంటారు. గంప కింద నీడలో, నీళ్ళు పెట్టి ఉంచండి. వడలిపోయిన కోడికి పాట కూడా పలకదు.

వేలం కుదరకపోతే

పంట పోయిన ఏడాది వేలం పెట్టి జనాన్ని ఇబ్బంది పెట్టకండి. అలాంటప్పుడు పిడికెడు బియ్యం పద్ధతి మంచిది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, నెలకోసారి చర్చికి తెస్తారు. మిజోరంలో సంఘాలు 1910 నుంచి ఇదే పద్ధతిని బుహ్‌ఫై థామ్ పేరుతో నడుపుకుంటున్నాయి. అక్కడి చర్చి పనులకు అది పెద్ద ఆధారం. ఇందులో ఎవరు ఎక్కువిచ్చారు, ఎవరు తక్కువిచ్చారు అన్నది బయటపడదు, అందుకే నాకు వేలం కన్నా ఇదే ఇష్టం. కాకపోతే నిదానంగా పోగవుతుంది. బియ్యం రెండు నెలలకు మించి నిల్వ పెడితే పురుగు పడుతుంది కాబట్టి నెలనెలా అమ్మేయాలి. క్రిస్మస్ క్యారల్స్‌లో వచ్చే కానుకల్ని కూడా దీనికి కలపవచ్చు, కానీ యువకులు ఆ డబ్బు దేనికో ముందే తీర్మానించుకుని ఉంటారు, వాళ్ళను అడగండి.

అనుకున్నంత రాకపోతే పనిని ముక్కలు చేయండి. పైకప్పులో ఎక్కువ కారే వైపు మొదట మార్చి, అందుకైన బిల్లులు లెక్క కాగితం పక్కనే అంటించండి. ఎక్కువ వస్తే మిగులును వేరే పనికి వాడే ముందు మళ్ళీ సంఘం తీర్మానం తీసుకోండి. వాళ్ళు ఇచ్చింది పైకప్పుకు.